చలి మీద వేసిన తప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో లాంతరు గిలాసలు కడిగే పని నాది. పొద్దున లేవగానే ఐదు గిలాసలూ వాకిట్లో వరసగా పెట్టుకుని, బూడిదతో రుద్ది, రెండు నీళ్లలో కడిగి బోర్లించేదాన్ని. ఇంటి మొత్తానికీ నా చేతులే చిన్నవి. గిలాస లోపలికి దూరేవి అవే కాబట్టి ఆ పని నాకు పడింది. ఇంట్లో వాళ్లు నా పనిని తెగ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు తలకెక్కి, ఎక్కడ మసి కనిపించినా కడిగేదాకా నా చెయ్యి ఊరుకునేది కాదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్త రోజులు. ఆ ఏడు చలికాలంలో ఈ చేతులే మా అక్కకు వచ్చిన ఒక్క అవకాశాన్ని కొద్దిలో మంట గలిపేవి.

మా ఊరు వేములవాడకు అవతల ఉంటుంది. అక్కడి నుంచి కరీంనగర్ పోవాలంటే మధ్యాహ్నం ఒక్క బస్సు వచ్చేది. అది కూడా వస్తే వచ్చినట్టు. ఊరి మొత్తానికి ఒకే ఒక్క కారు మా పెద్దబాపుది. పెద్దబాపు అంటే మా బాపుకు అన్న, ఇంటికి పెద్ద. బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టు చేసేవాడు. ఆకు ఆరబెట్టే కల్లాల చుట్టూ తిరగడానికి హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన నల్ల కారును కొనుక్కొచ్చాడు. తనే నడిపేవాడు, తనే తుడిచేవాడు. జీతగాడిని కూడా దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఇక ఇంట్లో ఆడవాళ్ల మాట చెప్పనక్కర్లేదు. ఆడవాళ్లు ముట్టుకుంటే ఏ వస్తువైనా పాడవుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ మాట అంటూ ఆయన తాగే చాయ్ కూడా ఆడవాళ్లు చేసిందేనని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

ఆయన పెద్ద కూతురే నేను చెబుతున్న మా అక్క. మా ఊరి ఆడపిల్లల్లో మెట్రిక్ పాసైన మొదటి మనిషి. టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుంటే, ఫలానా రోజు పదకొండు గంటలకు ఇంటర్వ్యూకు కరీంనగర్ రమ్మని కాగితం వచ్చింది. పెద్దబాపు వద్దన్నాడు. మాఘంలో పెళ్లి చేసేద్దామని ఆయన ఒక సంబంధం చూసి పెట్టుకున్నాడు. అక్క ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. కాగితాన్ని మడిచి పెట్టెలో దాచుకుని పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. అది చూసి మా నాయినమ్మ మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే దిగివచ్చాడు.

"నేనే కార్ల తీస్కపోత. గీ ఒక్కపారే. అయితె అయింది, కాకుంటె మల్ల గా ముచ్చట ఇంట్ల ఎత్తద్దు," అన్నాడు.

నాయినమ్మ సంబరపడి వెంటనే వేములవాడ రాజన్న దేవుడికి మొక్కుకుంది. పిల్లకు సీటు దొరికితే కోడెను కడతానని. వేములవాడలో ఆ మొక్కు ఎలా చెల్లిస్తారో మా వైపు అందరికీ తెలుసు. కోడెకు శుభ్రంగా స్నానం చేయించి, పసుపు కుంకుమ పెట్టి, గుడి చుట్టూ తిప్పి కడతారు. స్నానం లేకుండా మనిషైనా సరే, పశువైనా సరే రాజన్న ముందుకు పోకూడదు. మా కారు కూడా ఆ పొద్దున గుడి ముందు నుంచే పోతుంది, అక్కడ ఒక నిమిషం ఆగుతుంది. మరి కారుకు స్నానం వద్దా? ఇది నాయినమ్మ ఆలోచన. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. నిజం చెబితే ఇప్పటికీ కనిపించదు.

కరీంనగర్ పోయే రోజు తెల్లవారుజామున పెద్దబాపు లేవకముందే నాయినమ్మ నన్ను లేపింది. ఎముకలు కొరికే చలి. బాయి నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి. ఇద్దరం కారును తోమాం. పైన అయిపోయాక నాయినమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది.

"పైన కడిగితె ఏమొస్తదే. గుండెకాయ లోపటున్నది గద," అంది.

పెద్దబాపు ముందు మూత ఎలా ఎత్తుతాడో నేను వందసార్లు చూశాను. ఎత్తాను. లోపల ఇనుము, గొట్టాలు, జిడ్డు. నాయినమ్మ భయపడకుండా నాలుగు చెంబులు కుమ్మరించి, పసుపు తేవడానికి ఇంట్లోకి పోయింది. అప్పుడే నా కళ్లు దాని మీద పడ్డాయి. గుప్పెడంత నల్లటి మూత, దాని నెత్తి మీది నుంచి పిలకల్లా వైర్లు. దాన్ని డిస్ట్రిబ్యూటర్ అంటారనీ, ఇంజనులో నిప్పు రవ్వను పంచేది అదేననీ నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఆ పొద్దున నాకు తెలిసింది ఒక్కటే, అటూ ఇటూ రెండు క్లిప్పులు లాగితే ఆ మూత ఊడి చేతికి వస్తుంది. లోపల మసి ఉంది. ఇంకేం కావాలి. చిన్న చెయ్యి దూర్చి లాంతరు గిలాసను కడిగినట్టే బూడిద పెట్టి రుద్ది, రెండు నీళ్లలో కడిగి, మళ్లీ క్లిప్పులు బిగించేశాను. బోర్లించి ఆరబెట్టడానికి టైము లేదు. నాయినమ్మ వచ్చి ఆ మూతకే పసుపు రాసి బొట్టు పెట్టింది, అన్నిటికంటే అదే తళతళలాడుతోందని. నేను లోపల కూడా కడిగిన సంగతి ఆమెకు చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పుకోవాల్సినంత గొప్ప పనిగా అనిపించలేదు.

ఏడు గంటలకు అక్క కొత్త చీర కట్టుకుని, సర్టిఫికెట్లు గుడ్డసంచిలో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పెద్దబాపు కోటు వేసుకుని, కారు మీది తడిని మంచు అనుకుని, కార్లో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. అది రెండుసార్లు కుయ్యికుయ్యిమని ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. అలా కొట్టీ కొట్టీ చివరికి ఆ కుయ్యి కూడా రాకుండా పోయింది. సెల్ఫ్ తిప్పే బలం బ్యాటరీలో మిగల్లేదు. జీతగాడు హ్యాండిల్ పెట్టి తిప్పాడు. వాడికి చెమటలు పట్టాయి, కారుకు మాత్రం చలనం లేదు.

ఇక మా వాకిలి నిండా జనం. చలికి ఇంజను గడ్డకట్టిందన్నారు ఒకరు. పెట్రోలు పేరుకుపోయి ఉంటుంది, మంట పెట్టి కాపాలన్నారు ఇంకొకరు. పెట్రోలు దగ్గర మంట పెడితే ఊరే లేచిపోతుందని ఎవరో గట్టిగా అరిచి ఆపారు కాబట్టి ఇవాళ మీకు ఈ కథ చెబుతున్నాను. కాగిన నీళ్లు తెచ్చి రేడియేటరు మీద పోశారు. పదిమంది కలిసి బడి దాకా తోసుకుంటూ పోయి, బడి దగ్గర నుంచి మళ్లీ ఇంటి దాకా తోసుకొచ్చారు. ఇదంతా దిష్టి అని ఒకావిడ ఎండు మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే అందరికీ దగ్గు తప్ప ఇంకేమీ రాలేదు. చూస్తున్న కొద్దీ నాకు తల తిరిగింది. ఒక్కో మనిషి ఒక్కో మాట అంటున్నాడు, ప్రతి మాటా నిజమే అనిపిస్తోంది, ఏ మాటకూ కారు కదలడం లేదు. స్నానం చేయించాం, బొట్టు పెట్టాం. ఇంత మంచి చేస్తే దీనికి ఇంత మొండితనం ఎందుకో నాకు అంతుపట్టలేదు. మేము కడిగినందువల్లే ఇలా అయిందన్న అనుమానం మాత్రం పిసరంతైనా రాలేదు. కడగడం వల్ల ఏదైనా పాడవుతుందని నాకు ఎవరూ నేర్పలేదు మరి.

ఎనిమిది దాటింది. తొమ్మిదికైనా బయలుదేరకపోతే పదకొండుకు కరీంనగర్ చేరడం కల్ల. పెద్దబాపు కోటు విప్పి భుజాన వేసుకున్నాడు. ఆయన మొహంలో కోపం పోయి ఒకరకమైన నెమ్మది వచ్చింది. నాకు కోపం కంటే ఆ నెమ్మదే భయం పుట్టించింది.

"రాజన్నకే ఇష్టం లేనట్టున్నదే అవ్వా," అన్నాడు నాయినమ్మతో. "బండి గూడ వద్దంటున్నది. శకునం దెల్వదా ఏంది నీకు."

నాయినమ్మ శకునాన్ని నమ్మే మనిషి, కాదనలేకపోయింది. అక్క అరుగు మీద నుంచి లేవలేదు. సంచీ అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నేను పోయి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే శకునం ఇంకా చెడుతుందేమోనని లేచి పరుగెత్తాను. పరుగెత్తి ఎక్కడికి పోవాలో తెలియక పిండి పట్టే గిర్ని దగ్గరికి పోయాను.

గిర్నిలో ఇంజను నడిపే మిస్త్రీ చాచా అంటే ఊరందరికీ తెలుసు. గోదావరి ఒడ్డు బొగ్గు బావుల దగ్గర చాలా ఏళ్లు పంపులు బాగు చేసి, మోకాళ్లు అరిగాక మా ఊరు చేరిన ముసలాయన. పెద్దబాపుకు ఆయన్ని పిలవడం నామోషీ. తన కారు సంగతి తనకు తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. నేను పిలిచానని మాత్రం ఎవరికీ చెప్పొద్దని చాచా కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన మెడకు మఫ్లర్ చుట్టుకుని, అటుగా పోతున్నట్టు పోయి మా వాకిట్లో ఆగాడు.

కారును ముట్టుకోలేదు. ముందు అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు. ఇంటిల్లిపాదీ ఆయన్ని కొట్టేలా చూస్తున్నారు. తాగి గిలాసు కింద పెట్టి అడిగాడు.

"నిన్న పొద్దుగాల చాలైందా పటేలా?"

"ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది," అన్నాడు పెద్దబాపు.

"నిన్న చలి లేకుండెనా?"

అందరూ మొహాలు చూసుకున్నారు. నిన్నటి చలి ఇంకా ఎక్కువ. గొడ్ల దగ్గర పడుకున్న జీతగాడే ఆ మాట చెప్పాడు.

"మరి నిన్న ఏమనని చలి గియ్యాల ఎందుకంటదిర?" అన్నాడు చాచా, ఎవరినీ కాకుండా గాలిని అడిగినట్టు.

చలి కాదంటే మరి ఏమిటి? నాకు ఇంకా గందరగోళమైంది. ఆయన లేచి మూత ఎత్తాడు. పెట్రోలు గొట్టం ఊడదీసి వాసన చూశాడు. పెట్రోలు వస్తోంది. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరు దానికే ఉంచి, ఇంజను మీద పడుకోబెట్టి జీతగాడిని హ్యాండిల్ తిప్పమన్నాడు. దాని కొన దగ్గర రవ్వ ఎగరాలట. ఎగరలేదు. ఆయన ఆ నల్లటి మూత వైపు, దాని మీది పసుపు వైపు చూశాడు. ఆ తర్వాత అక్కడున్న చేతులన్నిటి వైపు చూశాడు. నా గోళ్లలో బూడిద నాకే కనిపించింది, చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

చాచా పెద్దబాపుతో, పొద్దటి సంది ఉపాసం ఉన్నట్టున్నవు పటేలా, లోపటికి పోయి జర రొట్టె ముక్క తినిరా, నాకింక జరసేపు పడతది అని పంపించాడు. జనాన్ని ఎండలోకి జరగమన్నాడు. నన్ను మాత్రం స్పానరు పట్టుకోమని పక్కకు పిలిచి, నా మొహం చూడకుండా పని చేసుకుంటూనే మెల్లగా మాట్లాడాడు.

"నిన్నటికీ గియ్యాల్టికీ గీ బండికి కొత్తగ ఏమైంది బిడ్డా?"

ఎవరు చేశారని అడగలేదు. ఎందుకు చేశారని అడగలేదు. అలా అడిగి ఉంటే నేను చచ్చినా చెప్పేదాన్ని కాదు. ఏమైంది అని అడిగితే, అయింది చెప్పడమే కదా అనిపించింది.

"స్నానం అయింది," అన్నాను.

"మీది మీదికేనా?"

"లోపల గూడ. గిలాస కడిగినట్టు కడిగిన."

ఆయన నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. క్లిప్పులు లాగి మూత తిప్పి చూపించాడు. లోపల నీటి బొట్లు ముత్యాల్లా నిలిచి ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు. పదిమంది తోసిన తోపులు, కాగిన నీళ్లు, మిరపకాయలు, శకునం, అరుగు మీద కూర్చున్న అక్క, అన్నీ నా చేతుల వల్లే అని తెలిసింది. పారిపోవాలనిపించింది. ఆయన వైర్లు ఊడదీసి, మఫ్లర్ విప్పి ఆ మూతను లోపలా బయటా తుడిచి నా చేతిలో పెట్టాడు.

"పొయ్యి దగ్గరికి తీస్కపో. పొయ్యి మీద పెట్టకు, పక్కన పట్టుకో. జరసేపైనంక నీ చెంపకు పెట్టి చూడు. సల్లగ తాకితె ఇంక తడి ఉన్నట్టు. ఎచ్చగ తాకితె తే."

నన్ను దొంగలా చూడకుండా బాగు చేసే పని కూడా నాకే ఇచ్చాడు. వంటింట్లో పొయ్యి పక్కన ఆ మూతను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. చెంపకు ఆనిస్తే చల్లగా ఉంది. మళ్లీ పట్టుకున్నాను. పక్క గదిలో పెద్దబాపు రొట్టె నమిలే చప్పుడు వినిపిస్తోంది. అడిగితే ఏం చెప్పాలి? నాలుగోసారికి చెంప వెచ్చబడింది. కొంగు లేని గౌనులోనే దాన్ని దాచుకుని పరుగెత్తుకొచ్చాను.

చాచా దాన్ని బిగించాడు. ఈసారి హ్యాండిల్ తనే పట్టుకున్నాడు, మోకాళ్లు అరిగిన మనిషి. మొదటి తిప్పుకు దగ్గింది. రెండో తిప్పుకు పొగ వదిలింది. మూడో తిప్పుకు మా వాకిలి అదిరిపోయేలా మోగింది. జనం ఈలలు వేశారు. నాయినమ్మ అక్కడికక్కడే రాజన్న ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టింది. పెద్దబాపు మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమైందంటవ్ మిస్త్రీ?"

చాచా మఫ్లర్ మెడకు చుట్టుకుంటూ, "నువ్వన్నదే పటేలా. చలికి పట్టేసింది," అన్నాడు.

"నేను జెప్పలే?" అని పెద్దబాపు జనం వైపు తిరిగాడు. కోటు మళ్లీ తొడుక్కున్నాడు. అక్కను ఎక్కమన్నాడు. ఆయన మొహంలో ఆ పొద్దు మొదటిసారి నవ్వు కనిపించింది. శకునం మాట మళ్లీ ఎత్తలేదు. తొమ్మిదికి అయిదు నిమిషాలు ఉండగా కారు మా వీధి మలుపు తిరిగింది. అక్క వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది.

నాకు మాత్రం బుర్ర పనిచేయడం మానేసింది. చలి కాదని అంతమంది ముందు తేల్చిందే ఈ మనిషి. నా దగ్గర నిజం రాబట్టిందీ ఈ మనిషే. మళ్లీ చలి అనే అబద్ధం చెప్పిందీ ఈయనే. గిర్ని దాకా ఆయన వెంటే నడిచి, చివరికి అడిగేశాను, ఎందుకట్లా చెప్పినవు చాచా అని.

ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బండికి నిజం చెప్పాలె బిడ్డా, లేకుంటె బండి కదలదు. మీ పెద్దబాపుకు గియ్యాల నిజం చెప్తె మీ అక్క కదలదు," అన్నాడు.

ఆ మాట అర్థమయ్యేంత వయసు కాదు నాది. ఆడవాళ్లు ముట్టుకుంటే పాడవుతుందన్న పెద్దబాపు మాటకు నా చేతులతో నేనే సాక్ష్యం తయారు చేసి పెట్టానని, ఆ సాక్ష్యం ఆయన చేతిలో పడితే ఇంట్లో ఏ ఆడపిల్ల గడప దాటేది కాదని తర్వాతెప్పుడో తెలిసింది. అక్కకు సీటు వచ్చింది. నాయినమ్మ కోడెను కట్టింది. అక్క ముప్పై ఏళ్లకు పైగా ఆ చుట్టుపక్కల ఊళ్లలో పాఠాలు చెప్పింది. ఆమె తర్వాత ట్రైనింగుకు పోయిన రెండో మనిషిని నేనే. నన్ను కరీంనగర్‌లో దింపింది కూడా పెద్దబాపే, ఆ కార్లోనే.

కానీ ఆ అబద్ధం ఊరికే పోలేదు. ఆ రోజు తర్వాత పెద్దబాపు చలికాలం వచ్చిందంటే రోజూ పొద్దుగూకాక కారు ముందు మూత మీద గొంగడి కప్పేవాడు. చంటిపిల్లకు కప్పినట్టు అంచులు లోపలికి దోపేవాడు. పొద్దున ఆ గొంగడి మడిచే పని నాకు ఇచ్చాడు. మంచుకు తడిసి బరువెక్కిన గొంగడిని మడుస్తూ ప్రతి రోజూ అనుకునేదాన్ని, ఇవాళ చెప్పేద్దాం, ఇది దండగ పని, తప్పు చలిది కాదు నాది అని. ఆయన పక్కనే నిలబడి, గొంగడి కప్పినప్పటి నుంచి బండి ఒక్కనాడూ మొరాయించలేదు చూసినవా అని మురిసిపోయేవాడు. చూసిన అనేదాన్ని. ఆయన పోయేదాకా చెప్పలేదు.

టీచరునయ్యాక బళ్లో నా దగ్గర ఏ పిల్ల అయినా ఉన్నట్టుండి చదువు ఆపేస్తే, మాట ఆపేస్తే, ఎవరు చేశారని నేను అడగలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ కొత్తగా ఏమైందని అడిగాను. ఎన్నో నిజాలు నా ఒళ్లో వచ్చి పడ్డాయి. వాటిని ఏం చేయాలనే దగ్గరే నేను ఇప్పటికీ తడబడతాను. ఏది ఎవరికి చెప్పాలో, ఏది చలి మీద వెయ్యాలో ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవాల్సి వస్తుంది, కొన్నిసార్లు తప్పుగా తేల్చాను కూడా. తేల్చుకోలేనప్పుడు ఒక్కటే చూసుకుంటాను. ఈ మాట చెబితే ఎవరు కదులుతారు, ఎవరు ఆగిపోతారు అని. ఆగిపోయేది ఒక ఆడపిల్ల అయితే, నోరు మూసుకుని గొంగడి మడవడానికి నేను సిద్ధంగానే ఉంటాను.